చెక్‌పోస్టులో వినిపించిన జోల

దెయ్యాలూ భూతాలూ అంటే మా ఇంట్లో ఎవరికీ లెక్కలేదు. మా నాన్న కిరండూల్ రైల్వే లైన్లో గ్యాంగ్‌మన్. విజయనగరం దగ్గర పల్లె నుంచి వచ్చి ఉద్యోగమంతా ఆ కొండల్లోనే గడిపాడు. సొరంగంలో ఎవరో ఆడమనిషి ఏడుస్తోందని తోటివాళ్ళు చెప్పుకుంటే, "గాలికి ఏడుపేటి, నవ్వేటి? ఊదుతాది, అంతే" అనేవాడు. నేను ఆ మాటలు వింటూ పెరిగాను. ఆదివారం చర్చికి వెళ్తాను, ప్రార్థన చేసుకుంటాను. అంతకు మించి కంటికి కనపడని వాటి ఊసు నాకు పట్టదు.

ఇది రాస్తున్నది ఎవరినో నమ్మించడానికి కాదు. జరిగింది జరిగినట్టు చెప్తాను. ఆ రోజు నాతోపాటు ఇంకో ముగ్గురు విన్నారు. వాళ్ళలో ఇద్దరు యూనిఫాంలో ఉన్నవాళ్ళు.

పెళ్ళయ్యాక బచేలిలో కంపెనీ క్వార్టర్లో కాపురం పెట్టాం. మా ఆయన ఇనుప గనిలో ఎలక్ట్రీషియన్. కొండ మీద కొత్త గనులు తెరుస్తున్న రోజులవి. ఉదయం ఆరేసిన తెల్ల బట్ట సాయంత్రానికి ఎర్ర దుమ్ము పట్టేది. పాప బడికి వెళ్ళడం మొదలయ్యాక, ఆడవాళ్ళ ఆరోగ్యం మీద పనిచేసే ఒక చిన్న సంస్థలో చేరాను. కోంట వైపు పల్లెల్లో దోర్లా తెగ ఆడవాళ్ళ దగ్గర కూర్చుని, కాన్పులు ఎలా జరిగాయి, ఎవరు పురుడు పోశారు, ఎక్కడ ప్రాణం మీదికి వచ్చింది అని అడిగి రికార్డు చేయడం నా పని. మంత్రసానులకు శిక్షణ ఇచ్చేటప్పుడు వాటిని వాడుకునేవాళ్ళం. వాళ్ళ దోర్లీ భాషలో తెలుగు బాగా కలిసి ఉంటుంది. కొన్నాళ్ళు వింటే చెవికి అలవాటైపోతుంది.

వాళ్ళు చెప్పేవి మామూలు విషయాలు కావు. పుట్టీ పుట్టగానే పోయిన పిల్లల గురించి, మొగుడికి తెలియకుండా వేయించుకున్న మందుల గురించి చెప్పేవాళ్ళు. ఒళ్ళు కప్పుకున్నట్టు కప్పుకున్న మాటలవి. మగవాళ్ళ చెవిన పడవని నేను మాట ఇచ్చాకే నోరు విప్పేవాళ్ళు.

ఆ ఊళ్ళలో నాకు బాగా దగ్గరైన మనిషి సోయం కన్నమ్మ. ఆ విడత పని ముగించి బచేలి బయల్దేరే రోజు ఉదయం ఆమె ఇంట్లో కూర్చున్నాను. పెద్ద కొడుకు పుట్టినప్పటి సంగతి చెప్పింది. తర్వాత రెండోవాడి కాన్పు గురించి మొదలుపెట్టి, మాట వాడి మీదికి మళ్ళిపోయింది. చిన్నప్పుడే వాణ్ణి అడవిలో ఉండే అన్నలు తీసుకుపోయారు. అక్కడ ఉండలేక పారిపోయి వచ్చాడు. ఇప్పుడు గోదావరి అవతల ఒక ఊళ్ళో మిరప తోటల్లో కూలి చేసుకుంటున్నాడు, వేరే పేరుతో. ఊరి పేరూ చెప్పింది, వాడి కొత్త పేరూ చెప్పింది.

"ఇటోళ్ళకు తెలిసినా, అటోళ్ళకు తెలిసినా నా పిల్లగాడు మిగలడు అక్కా. నీకు చెప్తే గుండె తేలికైంది" అంది.

ఇంటికి వెళ్ళగానే ఆ ముక్క తీసేస్తానని చెప్పాను. రికార్డరులో ఉన్నదంతా అక్కడే లాప్‌టాప్‌లోకి ఎక్కించాను. సరిగ్గా ఎక్కిందో లేదో హెడ్‌ఫోన్ పెట్టుకుని కొంచెం విన్నాను. కన్నమ్మ గొంతే. రికార్డరు ఖాళీ చేసి సంచిలో వేసుకున్నాను. ఈ వివరం ఎందుకు చెప్తున్నానో ముందు ముందు తెలుస్తుంది.

మా ఆయన భద్రాచలంలో చుట్టాల పెళ్ళికి వెళ్ళి, తిరుగు దారిలో కోంటలో దిగాడు. ఇద్దరం మా సంస్థ జీపులో బయల్దేరాం. మిట్టమధ్యాహ్నం. కోంట దాటి కొంత దూరం వచ్చాక రోడ్డుకు అడ్డంగా వెదురు గడ, పక్కన ఇసుక బస్తాలు, రేకుల షెడ్డు. మా ముందున్న బస్సులోవాళ్ళనందరినీ దించి జవాన్లు సామాన్లు చూస్తున్నారు. ఈ మధ్య కంప్యూటర్లు కూడా తెరిపిస్తున్నారని డ్రైవరు చెప్పాడు. లాప్‌టాప్ ఉన్న సంచి ఒళ్ళోకి తీసుకున్నాను.

"ఇప్పుడేం చెయ్యాలండీ?" అన్నాను.

"సూపించీ సుగుణా. మన దగ్గర దాసుకునేదేటుంది?" అన్నాడు మా ఆయన, చాలా మామూలుగా.

"నాది కాదండీ దాచేది. వాళ్ళది."

"తప్పు సెయ్యనోళ్ళకి బయమేటి? ఆళ్ళ డ్యూటీ ఆళ్ళు సేస్తన్నారు."

"మనం రాత్రి తలుపు గడియ పెట్టుకునేది తప్పు చేసేనా?"

ఆయన అన్నదాంట్లోనూ న్యాయం ఉంది. ఆ రోడ్డు మీద ఎందరో జవాన్లు పోయారు. వాళ్ళు ఊరికే చూడటం లేదు. కానీ నా ఒళ్ళో ఉన్న ఆ డబ్బాలో ఒక కుర్రాడి ప్రాణం ఉంది. తెరిచి చెరిపేద్దామంటే, ఇసుక బస్తాల వెనక నుంచి ఒక జవాను మా జీపునే చూస్తున్నాడు. జీపు ఒక్కో అడుగూ ముందుకు కదులుతుంటే అదే తలుచుకుంటూ కూర్చున్నాను.

షెడ్డులో ఉన్న అధికారి నడివయసు మనిషి, హిందీ ఆయన. కుర్చీ వేయించాడు, మంచినీళ్ళు ఇప్పించాడు. లాప్‌టాప్ తెరవమన్నాడు. ఇవి ఆడవాళ్ళు పురుళ్ళ గురించి చెప్పుకున్న మాటలనీ, ఎవరికీ వినిపించనని మాటిచ్చాననీ హిందీలో చెప్పాను. ఆయన ఓపిగ్గా విన్నాడు.

"మేడమ్, ఆర్డర్ హై. ఖోల్‌నా పడేగా" అన్నాడు. తెరవక తప్పదు.

తెరవకపోతే మిషను ఇక్కడే ఉంచేసి వెళ్ళాలట. పై ఆఫీసుకు పంపి వాళ్ళే తెరిపిస్తారట. ఎటు తిరిగినా కన్నమ్మ మాట వాళ్ళ చేతిలో పడేదే. కనీసం మగవాళ్ళు వినకూడదన్నాను. ఆయన ఆలోచించి, కాపలాకు ఉన్న ఒక ఆడ కానిస్టేబుల్‌ను లోపలికి పిలిచాడు. ఆమె ఆ చుట్టుపక్కల పిల్లే, దోర్లీ వచ్చు. అయితే అధికారి కూడా బయటికి వెళ్ళలేదు. నా నోటితో నేనే ఇంకా పెద్ద ఆపద తెచ్చుకున్నానని అర్థమైంది. ఆ అమ్మాయికి ప్రతి మాటా తెలుస్తుంది.

పాస్‌వర్డు కొట్టాను. అన్నిటికంటే పైన ఆ రోజు ఉదయంది, కన్నమ్మది ఉంది. అధికారి దాన్నే నొక్కాడు. నేను కళ్ళు మూసుకున్నాను.

కన్నమ్మ గొంతు రాలేదు.

ముందు తాడు ఉయ్యాల కిర్రుమంటున్న చప్పుడు. తర్వాత ఒక ముసలామె గొంతు, బాగా వయసు మళ్ళిన గొంతు, మెల్లగా జోకొడుతోంది. చంటిబిడ్డ సన్నగా రాగం తీస్తోంది. నా లాప్‌టాప్ స్పీకరు నాసిరకం, చెవి దగ్గర పెట్టుకుంటే గాని వినపడేది కాదు. ఆ గొంతు మాత్రం షెడ్డు అంతా పరుచుకుంది. చాలాసేపు ఊఁ ఊఁ అనడమే. మధ్యలో ఒక్కసారి మాట వచ్చింది.

"పండుకో బిడ్డా. వచ్చినోళ్ళు పోతరు."

అధికారి ఇంకోటి నొక్కాడు. అది వేరే ఊరిది, వేరే నెలది. అందులోనూ అదే గొంతు, అదే ఉయ్యాల. ఇంకోటి. మళ్ళీ అదే. నిజం చెప్పాలంటే నాకు భయం వేయలేదు. వేసవిలో కుండలో నీళ్ళు తాగినట్టు లోపల ఏదో చల్లబడింది. మా ఆయన గుమ్మం దగ్గర నిలబడి అంతా విన్నాడు. ఆయన మొహంలో నేను చూసింది ఆశ్చర్యమే.

అధికారి ఆ అమ్మాయి వైపు తిరిగి ఏమంటోందని అడిగాడు.

"లోరీ హై సర్. బచ్చే కో సులా రహీ హై" అంది. జోలపాట, బిడ్డను నిద్రపుచ్చుతోంది అని.

ఆయన చివరగా నొక్కినదాన్ని ఆపలేదు. బల్ల మీద చెయ్యి పెట్టుకుని పూర్తయ్యేదాకా విన్నాడు. తర్వాత మూత తనే నెమ్మదిగా వేసి, రెండు చేతులతో నాకు అందించాడు. రికార్డరు చూశారు, ఖాళీ. గడ ఎత్తమని కేక వేశాడు.

జీపు ఎక్కుతుంటే ఆ అమ్మాయి నా వెనకే వచ్చింది. "అక్కా, ఆ అవ్వ ఏ ఊరామె?" అని అడిగింది.

"నాకు తెలీదమ్మా" అన్నాను. అది నిజం.

"మా ఊర్ల ఒకామె ఇట్లనే జోకొట్టేది. ఇప్పుడు ఆమె లేదు, ఊరూ లేదు" అని, నా చెయ్యి ఒకసారి పట్టుకుని వదిలి, తన చోటికి వెళ్ళిపోయింది.

దారిలో మా ఆయన చాలాసేపు లెక్కలు కట్టాడు. కరెంటు పనివాడు కదా, ప్రతిదానికీ ఒక కారణం ఉండాలి. పాత పాట ఏదో మిషన్లో ఇరుక్కుపోయి, ఏది నొక్కినా అదే మోగుతోందన్నాడు. నేను ఎప్పుడూ జోలపాట రికార్డు చేయలేదని చెప్పాను. ఇంకెవరైనా వాడారేమో అన్నాడు. ఎవరూ వాడలేదు.

క్వార్టర్‌కు చేరాక, పక్కింట్లో వదిలిన పాపను తెచ్చుకుని అన్నం పెట్టి, హెడ్‌ఫోన్ పెట్టుకుని ఒక్కోటి తెరిచాను. కన్నమ్మ ఉదయం చెప్పిందంతా ఉంది, కొడుకు సంగతితో సహా, ఒక్క మాట పోకుండా. మిగతావాళ్ళ మాటలూ ఎక్కడివి అక్కడే. ముసలామె గొంతు మాత్రం ఏ ఒక్కదాంట్లోనూ లేదు. కొడుకు సంగతి ఉన్న ముక్కను మాటిచ్చినట్టే అప్పుడే తీసేశాను. తర్వాత టౌన్‌షిప్పులో కంప్యూటర్లు బాగుచేసే అతను, నా ఎదురుగానే, వాళ్ళ మాటలేవీ తెరవకుండా మిషనంతా వెతికాడు. పాట అన్నది ఒక్కటీ దొరకలేదు. తీసేసినవాటిలోనూ లేదు.

ఆ రోజు మా ఆయన నా పక్కనే కూర్చుని, నా మొహం చూసి తెలుసుకున్నాడు. "ఆళ్ళ మాటలు ఆళ్ళవే ఉన్నాయా?" అని అడిగాడు. ఉన్నాయన్నాను. హెడ్‌ఫోన్ ఇవ్వబోతే వద్దన్నాడు. "నాకెందుకు? నీకు సెప్పుకున్నారు" అని లేచి పాప దగ్గరికి వెళ్ళాడు. మా పెళ్ళయినప్పటి నుంచి ఆయన అన్న మాటల్లో నాకు బాగా ఇష్టమైనది ఇదే.

మా సంస్థలో ఆ తర్వాత పెద్ద చర్చే జరిగింది. రికార్డింగులు మానేద్దామన్నారు కొందరు, అధికారులకు ముందే రాసి ఇద్దామన్నారు ఇంకొందరు. చివరికి పేర్లూ ఊళ్ళూ లేకుండా చేసుకోవడం, రోడ్డు మీద ఏదీ మోసుకెళ్ళకపోవడం అలవాటైంది. ఆ గొంతు సంగతి నేను అక్కడ చెప్పలేదు. చెప్తే చర్చ ఎటో పోయేది.

కన్నమ్మ కొడుకు మిరప తోటల ఊళ్ళోనే పెళ్ళి చేసుకున్నాడు. అత్తమామలతో కలిసి కౌలుకు చేను తీసుకున్నాడు. కన్నమ్మ ఏడాదికోసారి వెళ్ళి వస్తుంది. వాడి కోసం ఎవరూ రాలేదు.

ఆ చెక్‌పోస్టు తర్వాత మొదటిసారి వెళ్ళినప్పుడే ఆమెకు అంతా చెప్పాను. మిషను తెచ్చి, ఆ రికార్డింగులో మిగిలిందంతా ఆమె చేతే చెరిపించాను. వేలు ఎక్కడ పెట్టాలో చూపిస్తే గట్టిగా నొక్కింది. ముసలామె ఎవరై ఉంటుందని అడుగుతుందనుకున్నాను. అడగలేదు. పొయ్యిలో పుల్ల ముందుకు తోసి, వేరే మాట అడిగింది.

"బిడ్డ పండుకున్నదా?"

నేను అప్పటిదాకా అది తలుచుకోలేదు. ఆ షెడ్డులోని చప్పుళ్ళన్నీ మళ్ళీ ఒక్కొక్కటిగా గుర్తు చేసుకున్నాను. అధికారి చివరిదాకా విన్నదాంట్లో కాసేపటికి ఉయ్యాల ఆగింది. ముసలామె పాట ఆపింది. బిడ్డ ఊపిరి ఒక్కటే వినిపించింది, నిండుగా, నెమ్మదిగా.

"పండుకుంది" అన్నాను.

కన్నమ్మ తలూపింది, అంతే. ఆ గొంతు గురించి నాకు తెలిసింది ఇంతవరకే. అది ఎవరిదో, నా మిషన్లోకి ఎలా వచ్చిందో, ఎటు పోయిందో ఈనాటికీ చెప్పలేను.