ఆఖరి సీలు

ధవళేశ్వరంలో మా మేస్త్రి గారు పోయారని పొద్దున్నే ఫోనొచ్చింది. నమ్మలేదు. ఇంకొకరికి ఫోన్ చేసి కనుక్కున్నాను. ఆయన దగ్గర పనిచేసినవాడెవడూ ఒక్క నోటి మాట నమ్మడు లెండి.

ట్రాక్టర్ ఇంజన్లు విప్పి బిగించడంలో చెయ్యి తిరిగిన మనిషి. అనుమానమూ అంతే. ఇంజన్లోంచి ఆయిల్ కారకుండా, తిరిగే షాఫ్టు చుట్టూ వేసే రబ్బరు రింగే ఆయిల్ సీలు. కొత్తది తెస్తే అది అసలుదేనా అని అనుమానం. సీలు మంచిదైతే షాఫ్టు మీద అనుమానం. పాత సీలు ఒరిసిన చోట గాడి పడిందేమోనని గోటితో గీసి చూసేవారు. షాఫ్టూ బాగుంటే ఇక నా మీద. అంచుకి ఆయిల్ రాశావా, స్ప్రింగు వైపు లోపలికే పెట్టావా, ఒక పక్కనే సుత్తితో కొట్టావా అని గుచ్చి గుచ్చి అడిగేవారు.

"పొడిగా ఎక్కించావంటే మొదటి తిప్పుకే కాలిపోద్దిరా" అనేవారు.

ఏడేళ్ళు చేశాను. ఒక్క ఇంజన్ కూడా నన్ను మూయనివ్వలేదు. ఆఖరి సీలు ఆయనే వేసేవారు. నాకు ఒళ్ళు మండేది. పని మొత్తం వచ్చేస్తే వేరే షెడ్డు పెట్టేస్తానని భయం కాబోలు అనుకునేవాణ్ణి.

ఒకసారి ఆయనకి జ్వరమొస్తే, కడియం రైతు ట్రాక్టరుకి నేనే సీలు వేసి మూసేశాను. నాలుగో రోజుకి రైతు తిరిగొచ్చాడు, ఇంజన్ వెనక ఆయిల్ కారుతోందని. మేస్త్రి గారు నావైపు చూసిన చూపుకి చచ్చిపోవాలనిపించింది. నేనూ తక్కువ తినలేదు. నేను లేనప్పుడు ఈయనే విప్పి పాడు చేశారేమోనని అనుమానించాను. ఇప్పుడది రాస్తుంటే సిగ్గుగా ఉంది.

ఆయన ఇంజన్ చుట్టూ తిరిగి, లోపలి గాలి బయటికి పోయే బ్రీదరు గొట్టంలోంచి గుడ్డ ముక్క లాగారు. పొలం దమ్ము చేసేటప్పుడు లోపలికి బురద పోకూడదని రైతే కుక్కాడట. లోపలి గాలికి దారి లేక, సీలు సందులోంచి ఆయిల్ని బయటికి నెట్టేసింది. సీలుకేమీ కాలేదు. బాగా వేశావు అని ఒక్క ముక్క అంటారేమోనని సాయంత్రం దాకా చూశాను. అనలేదు. తర్వాతి ఇంజన్ మళ్ళీ ఆయనే మూశారు. ఆ కోపంతోనే వచ్చేసి కొవ్వూరులో షెడ్డు పెట్టుకున్నాను. మళ్ళీ ఆ గడప తొక్కలేదు.

ఆయన పోయిన పదో రోజున వెళితే, ఆయన భార్య నన్ను షెడ్డులోకి తీసుకెళ్ళారు. ఆయన సొంత ట్రాక్టరు ఇంజన్ సగం బిగించి ఉంది. ఒంట్లో బాగోక ఆపేశారట. ఇంకో మేస్త్రిని పిలుస్తానంటే ససేమిరా అన్నారట.

"నువ్వే మూయాలన్నారు నాయనా. ఇంకెవర్నీ చెయ్యి పెట్టనివ్వద్దన్నారు."

ఒక్క కబురు పెడితే పరిగెత్తుకొచ్చేవాణ్ణి కదండీ అన్నాను.

"అలిగి వెళ్ళావు కదా. పిలిస్తే వస్తావో రావోనని ఆయన అనుమానం."

షాఫ్టు చివర దుమ్ము పడకుండా ఉతికిన పంచె ముక్క చుట్టి ఉంది. ఆయన వేసిన ముడి. పక్కనే రేకు మీద కొత్త సీలు. ఆ ముడి విప్పడానికి నాకు చేతులు రాలేదు.