వేరు పొయ్యి

యాదవ్వ బీడీలు చుడుతుంటే చూడాలి. మాటలు మనతో, చూపు వాకిట్లో కోళ్ల మీద, వేళ్లు మాత్రం చాటలో వాటి పని అవి చేసుకుపోయేవి. ఖానాపూర్ పక్కన మా ఊళ్లో ఆమెకు సాటి లేదు. అలాంటి మనిషి ఒకరోజు కాగుతున్న కుండను వట్టి చేతులతో దించి, అరచేతులు బొబ్బలెక్కినా తెలియక నిలబడింది. అత్త చూసింది. పెద్దరోగం అంది. ఇంకేముంది, చేను గట్టున గుడిసె వేశారు. ఒక కుండ, మూడు పొయ్యిరాళ్లు ఇచ్చి పంపారు. మా ఊరి ఆనవాయితీ అది, కాలిపోను.

1984లో సర్కారు దవాఖాన నుంచి హమీద్ సార్ పెద్దరోగం, అదే కుష్టు, సర్వేకు వచ్చాడు. అందరినీ చూడటం అయ్యే పని కాదు కనక చీటీలు తీసి కొన్ని ఊళ్లు, ఆ ఊళ్లలో కొన్ని ఇళ్లు ఎంచుతారట. అక్కడ తేలిన రోగులను బట్టి తాలూకా మొత్తానికి లెక్క కడతారట. రోగం ఎక్కువున్న చోటికే కొత్త మందులు ముందు పోతాయి.

"అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తే తెలుస్తది గదా" అన్నాడు.

చీటీలో యాదవ్వ అత్తగారిల్లే వచ్చింది. కబురు విని యాదవ్వ ఉరికొచ్చి వాకిట్లో నిలబడింది. వేళ్లకు స్పర్శ పోయింది కానీ అవింకా వంగలేదు. కొత్త మందు పడితే నిలుస్తాయని హమీద్ సారే చెప్పాడు.

"నన్ను రాసుకో సారూ. గిది నా ఇల్లే."

"ఒక్క పొయ్యి మీద తినేటోళ్లే ఒక ఇంటోళ్లమ్మా. మాకు గట్లనే చెప్పిండ్రు" అని, ఆమె భర్త కొమురెల్లి వైపు తిరిగాడు. "ఈమెది మీ పొయ్యేనా?"

అవునంటే సరిపోయేది. కానీ వాడకట్టంతా వాకిట్లోనే ఉంది. ఒకటే పొయ్యి అంటే రేపటి నుంచి ఆ ఇంటి నీళ్లెవరు ముడతారు? కొమురెల్లి తల దించుకున్నాడు.

"పొయ్యి వేరే సార్."

"మరి నా గుడిసెను రాయి" అంది యాదవ్వ.

గుడిసెకు నంబరు లేదు. నంబరు లేని ఇల్లు చీటీల్లోకే రాదు. హమీద్ సార్ చెడ్డవాడు కాడు. జర ఓపిక పట్టమని పాత గోలీలు చేతిలో పెట్టి పోయాడు. అవి ఆమెకు పని చేయలేదు.

మెతుకు పట్టి చూడాలంటే ముందు అది కుండలో ఉండాలి కదా! మా దగ్గర రోగం తక్కువని తేలింది. తేలక ఏం చేస్తుంది, రోగులంతా చేను గట్ల మీదుంటే? మందులు వేరే చోటికి పోయాయి.

మా వంతు వచ్చేసరికి ఏళ్లు గడిచాయి. రోగం తగ్గింది. యాదవ్వ వేళ్లు అంతకు ముందే పోయాయి. ఇక ఎవరికీ అంటుకోదని డాక్టరు ఊరందరి ముందు చెప్పాక, కొమురెల్లి గుడిసె దగ్గరికి వెళ్లాడు.

"ఇంటికి రా. ఇగ ఒకటే పొయ్యి."

యాదవ్వ పళ్లెం మీదికి వంగి, ఎవరో తెచ్చిపెట్టిన జొన్న గట్క నోటితో తింటోంది. తలెత్తింది.

"పొయ్యి ముట్టిచ్చే చేతులున్నప్పుడు వేరే అన్నవ్. ఇప్పుడొచ్చి నేనేం జెయ్యాలె?"