పీతను ఇంటికి చేర్చే ఫుసాయె

తెల్లారి ఆరైంది. జూన్ నెల ముసురు, పట్టిందంటే వదలని రకం. కూలీలను ఎక్కించుకుపోయే మేస్త్రీల వ్యాన్లు ఒక్కటీ రాలేదు. నిన్న సాయంత్రం తాగిన నూడుల్స్ పులుసు ఎప్పుడో అరిగిపోయి, కునిమత్సు కడుపులో పేగులు ఒకదాన్నొకటి తిట్టుకుంటున్నాయి. ఒసాకా దక్షిణం కొసన ఉన్న ఆ కూలీల పేటలో, వాన పడ్డ రోజు మగాడికి రెండే దార్లు. పొద్దున్నే సారా కొట్టు, లేదంటే సుజురన్ కాఫీ కొట్టు. కునిమత్సు తల మీద తువ్వాలు వేసుకుని సుజురన్‌లో దూరాడు.

అతను కూర్చున్నాడో లేదో, కొట్లో పనిచేసే ఫుసాయె కాఫీ, కాల్చిన రొట్టె, ఉడికించిన గుడ్డు తెచ్చి ముందు పెట్టింది. ఆ కొట్లో బల్లలన్నీ వీడియో ఆట బల్లలే. పైన అద్దం, అద్దం కింద తెర, అటూ ఇటూ చెరో పిడి. జనం వాటి మీదే తింటారు, సిగరెట్ బూడిద దులుపుతారు, తల ఆన్చి కునుకు తీస్తారు. పొద్దుటి రద్దీ తగ్గి యజమాని లోపల నడుం వాల్చగానే ఫుసాయె చేతులు తుడుచుకుని అతని ఎదుటి కుర్చీలో కూర్చుంది.

“ప్లేటు కాస్త జరుపు కుని-సాన్. కొంగ ఎటునుంచి వస్తోందో కనబడి చావట్లేదు.”

ఫుసాయెకి యాభై దాటి ఉంటాయి. మనిషి సన్నం, మణికట్లు మాత్రం మగాడివిలా గట్టివి. కొన్ని చలికాలాల కిందట చేతిలో గుడ్డ మూటతో వచ్చి, కొట్టు ముందు పేరుకున్న మంచు ఎవరూ అడక్కుండానే ఊడ్చి, పనిలో కుదిరింది. ఏ ఊరు, ఎవరి మనిషి, ఇంటిపేరేమిటి, ఎవరూ అడగలేదు. ఆ పేటలో ఎవరు ఏ పేరు చెబితే అదే పేరు. వెనకటి కథ అడగడం, పడుకున్నవాడి దుప్పటి లాగడంతో సమానం. కూలీలందరూ ఆమెను అక్కా అని పిలిచేవాళ్లు. కునిమత్సు ఒక్కడికీ ఆ పిలుపు నోటికి రాలేదు. పేరుకి గారు లాంటి సాన్ తగిలించి, ఫుసాయె-సాన్ అనేవాడు. అతనితో పాటు పరంజాలు కట్టే డొహి అది కనిపెట్టి, ఊరంతటికీ అక్క, నీకు మాత్రం కాదా అని ఏడిపించేవాడు.

ఆమె ఆడేది పీత ఆట. తెర నిండా వరి మడులు, మడుల మధ్య సందుల్లా మెలికలు తిరిగే కాలవలు. ఒక చిన్న పీత ఆ కాలవల్లో దారి వెతుక్కుంటూ తన బొరియకు చేరాలి. వెనక కొంగలు తరుముతుంటాయి. మలుపుల దగ్గర తూము పలకలు ఉంటాయి. పలక ఎత్తితే నీళ్లు విరుచుకుపడి కొంగల్ని తోసేస్తాయి గానీ, ఆ దారి మళ్లీ పీతకి కూడా పనికిరాదు. ఏ పలక ముందు, ఏ పలక తర్వాత అన్నదే ఆటంతా.

“ఇది తయారు చేసినవాడు పొలంలో కాలు పెట్టిన పాపాన పోలేదు. నీళ్లు ఎగువకి పారుతున్నాయి చూడు,” అంది ఒకసారి. రైతుల ఇంటి మనిషని కునిమత్సుకి అప్పుడు తెలిసింది. తెలిసినట్టు చూపించుకోలేదు.

ఆమె పీత చచ్చాక బొమ్మ తలకిందులై అతని వైపు తిరిగేది, అతని వంతు. ఎప్పుడూ ఎదుటి కుర్చీలోంచి చూసి నేర్చుకున్నవాడు కాబట్టి, తన వంతులో చెయ్యి తప్పు వైపే పోయేది. కుడికి పోవాల్సిన పీతను ఎడమకి తిప్పి, సరాసరి కొంగ నోట్లో పెట్టేవాడు. ఇలాంటివాడు కట్టిన పరంజా కింద నేను నిలబడను బాబూ అనేవాడు డొహి. ఫుసాయె పళ్లు కనబడకుండా చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వేది. ఆ నవ్వు కోసం కునిమత్సు ఎన్నిసార్లయినా కొంగకి మేత వేసేవాడు.

ఆఖరి పొలం మాత్రం ఆమె ఎప్పుడూ దాటలేదు. బొరియ పక్కదాకా వెళ్లాక దారి ఉండేది కాదు. మొదటి పలకే తప్పు ఎత్తాను అనుకుంటూ లేచిపోయేది. ఆమె ఆ పొలం దాటిన రోజున ఒక మాట అడగాలని కునిమత్సు మనసులో పెట్టుకున్నాడు. ట్రామ్ పట్టాల పక్కన వంటగది ఉన్న గది ఒకటి ఖాళీగా ఉంది. ఇద్దరికి సరిపోతుంది.

ఆగస్టు చివర్లో ఒక సాయంత్రం పని దిగి వస్తుంటే, సందు మొగలో ఒక చిన్న వయసు ఆడమనిషి ఫొటో పట్టుకుని వచ్చేపోయేవాళ్లను అడుగుతోంది. ఆ పేటలో ఫొటో చూపిస్తే జవాబు ముందు వస్తుంది, చూపు తర్వాత పోతుంది. కునిమత్సు కూడా “తెలియదమ్మా” అనేశాడు. అన్నాక చూశాడు. ఫొటోలో వరి గట్టు మీద ఫుసాయె, పక్కన బడి బట్టల్లో ఈ పిల్లే. ఇప్పుడు ఈ పిల్ల కడుపుతో ఉంది.

ఆ అమ్మాయి వంగి దణ్ణం పెట్టింది. “ఎక్కడైనా కనబడితే ఒక్క మాట చెప్పండి. నాన్న పోయాడు. ఇంక అమ్మ మీద చెయ్యెత్తేవాళ్లు లేరు.”

అనేసి, రొప్పుకుంటూ స్టేషన్ వైపు నడిచింది. తెలియదన్న నోటితో వెంటనే తెలుసని ఎలా అంటాడు? కునిమత్సు అక్కడే నిలబడిపోయాడు.

మర్నాటి నుంచి రోజూ సుజురన్‌కి వెళ్లాడు గానీ, ఫొటో మాట ఎత్తలేదు. చెబితే ఆమె వెళ్లిపోతుంది. చెప్పకపోతే ఎదుటి కుర్చీలో ఉంటుంది. డొహికి చెప్పుకుంటే, “ఆ ఫొటో నేనూ చూళ్లేదు, నువ్వూ చూళ్లేదు. ఈ పేటలో అంతేరా,” అన్నాడు. అలాగే అనుకుందామని కొన్నాళ్లు ప్రయత్నించాడు. కానీ ఆమె వేడి కాఫీ తెచ్చి పెడుతుంటే, ఆ చేతుల వంక చూడలేకపోయేవాడు.

సెప్టెంబరు తుఫాను వానకి మళ్లీ పనులు ఆగాయి. ఫుసాయె ఆఖరి పొలంలో ఉంది. ఆ రోజు పలకలన్నీ సరిగ్గా పడుతున్నాయి. బొరియ ఇంకో రెండు మలుపుల్లో ఉంది. ఆడేవాళ్లతో మధ్యలో మాట్లాడకూడదని ఆ కొట్లో అందరికీ తెలుసు. ఆట అయ్యేదాకా ఆగితే తన నోటికి వచ్చేది గది మాటేనని కునిమత్సుకీ తెలుసు.

“మీ అమ్మాయి వచ్చింది,” అన్నాడు.

పిడి మీద ఆమె చెయ్యి ఆగిపోయింది. కొంగలు వచ్చి పీతను పట్టుకున్నాయి. ఆమె ఆ వంక చూడలేదు.

“ఎలా ఉంది?”

“కడుపుతో ఉంది. ఏడో నెల ఉండొచ్చు.”

“చెప్పులు ఎలాంటివి వేసుకుంది?”

కునిమత్సు గుర్తు తెచ్చుకున్నాడు. “ఎత్తు మడమలవి కాదు. గుడ్డ బూట్లు.”

“మంచిది,” అంది.

మీ ఆయన పోయాడట అని మిగతాది కూడా చెప్పాడు. తనకి తెలియదని ఆ అమ్మాయితో అబద్ధమాడిన సంగతీ చెప్పాడు. ఫుసాయె లేచి లోపలికి వెళ్లింది. చాలాసేపు కుళాయి చప్పుడు వినబడింది. తిరిగొచ్చి ఇంకో గుడ్డు అతని ప్లేటులో పెట్టింది. ఎప్పుడూ కూర్చునే కుర్చీ లాక్కొచ్చి, మొదటిసారి అతని పక్కనే కూర్చుంది.

“ఇటునుంచి చూడు. ఇప్పుడు కుడి అంటే కుడే,” అంటూ పిడి మీద ఉన్న అతని చేతిపై తన చెయ్యి వేసింది. సబ్బు నీళ్లతో చల్లగా ఉంది. ఇద్దరూ కలిసి మొదటి పొలం దాటించారు. తర్వాతది కూడా. వాన తగ్గేదాకా ఆడారు.

వాన వెలిసిన తర్వాత రోజు పొద్దున్నే కునిమత్సు వెళ్లేసరికి యజమాని తనే రొట్టె కాలుస్తున్నాడు. ఆమె తొడుక్కునే ఏప్రన్ ఉతికి, ఇస్త్రీ మడతతో కౌంటర్ మీద ఉంది. ఎప్పుడు పోయిందో నాకూ తెలియదు, నాకూ చెప్పలేదు అన్నాడు యజమాని. వెనకే వచ్చిన డొహి ఈసారి ఏడిపించకుండా, వెళ్లి తనకీ అతనికీ కాఫీ తెచ్చాడు.

చెప్పి బయల్దేరితే కునిమత్సు గది మాట ఎత్తేవాడు. ఎత్తితే ఆమె ఆగేదేమో. అతను నోరు విప్పకపోయినా, అది ఆమె పసిగట్టే ఉంటుంది. కూతురి దగ్గరికే పోయిందని అతను అనుకున్నాడు. అలా అనుకునే కాఫీ తాగాడు.

బయట మేస్త్రీ పేర్లు పిలుస్తున్నాడు. కునిమత్సు ఆ ఏప్రన్‌ని కౌంటర్ మీద తడి తగలని వైపుకి జరిపి, వెళ్లి వ్యాన్ ఎక్కాడు.