పాడుపెట్టిన ఇంటి వాకిట్లో

రెండువేల సంవత్సరం ఎండాకాలంలో, జనాభా లెక్కలకు ముందు జరిగే ఇళ్ళ లెక్కకు నన్ను వేశారు. బాన్సువాడ సర్కారు బళ్ళో టీచర్ని. సెలవులొచ్చాయంటే చాలు, ప్రభుత్వానికి మేమే గుర్తొస్తాం. చేతిలో రంగు డబ్బా, కుంచె, చంకలో ఫారాల కట్ట. ప్రతి గుమ్మం మీద నంబరు వేయాలి, అందులో ఎవరైనా ఉంటున్నారా, ఖాళీగా ఉందా అన్నది రాసుకోవాలి. ఎందుకు ఖాళీగా ఉందో రాయమని మాత్రం ఎవరూ అడగలేదు. అడిగి ఉంటే మా ఊరి బండారం ఢిల్లీ దాకా తెలిసేది.

మా వైపు ఒక పట్టింపు ఉంది. చెడ్డ నక్షత్రంలో మనిషి పోతే ఆ ఇంటిని పాడుపెట్టాలి. అంటే అయ్యగారు పంచాంగం చూసి చెప్పినన్ని నెలలు ఇంటిల్లిపాదీ బయటికి వెళ్ళిపోవాలి. తలుపుకు తాళమేసి ముళ్ళకంప అడ్డం పెట్టాలి. లోపల దీపం కూడా వెలగకూడదు. ఏ వీధికి వెళ్ళినా అలాంటి ఇల్లు ఒకటి తగిలేది. ఖాళీ అని రాసుకుని ముందుకు పోయేదాన్ని.

ఒకరోజు పొద్దున్నే ఓ డాబా ఇంటికి వెళ్ళాను. ఇంటాయన కుర్చీ వేశాడు, చల్లటి మంచినీళ్ళిచ్చాడు, అడిగినవన్నీ విసుక్కోకుండా చెప్పాడు. పెరట్లో ఉన్న కిరాయి గది దగ్గరికి వచ్చేసరికి గొంతు తగ్గించాడు.

“గది ఖాళీ అని రాసుకోండ్రి మేడం. ఎల్లుండి పోతరు.”

“లోపల మనుషులు కనబడుతుండ్రు గదన్నా, ఖాళీ అని ఎట్ల రాస్త?”

మా మాటలు విని గదిలోంచి ఒకామె బయటికి వచ్చింది. వాళ్ళది డోంగ్లి వైపు పల్లె. అక్కడి ఇల్లు వానలకు కూలిపోతే ఏళ్ళ కింద ఇక్కడికి వచ్చారు. భర్త రైస్ మిల్లులో హమాలీ. కాలేయం పూర్తిగా పాడైపోయింది, ఇంక చేసేదేమీ లేదు, ఇంటికి తీసుకుపొమ్మని నిజామాబాద్ దవాఖానలో చెప్పి పంపించారట. ఈ గదికి తెచ్చాక, ఖాళీ చేయమని ఇంటాయన చెప్పాడు.

“ఆయన మంచోడే మేడం. ఈ ఇల్లు కట్టేటప్పుడు ఇటుకలు మోసిండు,” అన్నాడు ఇంటాయన. “కానీ నా బిడ్డ కాన్పుకు వచ్చింది. పచ్చి బాలింత. చెడ్డ నక్షత్రంల పాణం పోతే ఇల్లంత ఇడిసిపెట్టాలె. పసిగుడ్డును పట్టుకొని నేను యాడికి పోవాలె?”

నాకు అసలే నోరెక్కువ. ఒళ్ళు మండిపోయింది. “నువ్వు మనిషివేనా అన్నా? ఇంకా బతికే ఉండు గద ఆయన!” అన్నాను. ఆయన కోప్పడలేదు. తల దించుకున్నాడు. ఎదురు తిరిగితే కడిగేద్దును, తల దించుకున్నవాణ్ణి ఏమనాలి?

ఆమె నన్ను గేటు దాకా సాగనంపింది.

“టీచరమ్మా, మీరు ఊరంత తిరుగుతుండ్రు గద. యాడ ఖాళీలున్నయో మీకు ఎరుకుంటది. ఒక్క కప్పు చూపెట్టుండ్రి. ఆయన పాణం కప్పు కింద పోతే సాలు, ఇంకేం అడగను.”

మా ఇంటికి రమ్మందామంటే నాదీ కిరాయి ఇల్లే. మధ్యాహ్నం మా ఇంటామెను అడిగాను. “అట్లయితే నువ్వు గూడ చూసుకో వేరే ఇల్లు,” అంది, చేటలో బియ్యం ఏరుతూ, తల కూడా ఎత్తకుండా. సాయంత్రం ఆ హమాలీ భార్యను వెంటబెట్టుకుని బయల్దేరాను. కిరాయికి ఎవరైనా ఉంటే చెప్పండి మేడం అని మొన్ననే నన్ను బతిమాలినవాళ్ళు ఒక్కసారిగా మాట మార్చారు. ఒకాయన సున్నం వేయించాలన్నాడు. ఒకామె తాళంచెవి అన్నగారి దగ్గరుందంది. ఎవరి మీదని అరవను? ఛీ, ఈ ఊళ్ళోనా నేను పుట్టి పెరిగింది అనిపించింది.

తిరిగొస్తుంటే ముళ్ళకంప పెట్టిన ఇల్లొకటి కనబడింది. ఆమె ఆగిపోయింది.

“ఈ ఇంటికి పట్టాల్సిన దోషం పట్టనే పట్టింది గద టీచరమ్మా. ఇంకో సావొస్తే కొత్తగ పోయేదేముంది?”

నాకు ప్రాణం లేచొచ్చింది. ఆ ఇంటి అవ్వ ఎదురుగా మరిది ఇంట్లో ఉంటోంది. పోయింది ఆమె భర్తే. మా మాటంతా విని కళ్ళు తుడుచుకుంది.

“అయ్యో బిడ్డా! కానీ మా గడువు వచ్చే నెల తీరుతది. మళ్ళ చెడ్డ నక్షత్రం పడితే మొదటికొస్తది. నన్ను ఇంక ఎన్నొద్దులు సాకుతరు వీళ్ళు? ఇప్పటికే తోటికోడలు నా కంచం ఇసిరి పెడుతుంది.” మళ్ళీ తనే, “వాకిట్ల పండబెట్టుకోండ్రి. తలుపు మాత్రం తియ్య,” అంది.

మిల్లు హమాలీలు ఆయన్ని ఆటోలో తెచ్చారు. తాళం వేసిన తలుపుకు ఎదురుగా నులకమంచం వేసి, పైన టార్పాలిన్ కట్టారు. మే నెల ఎండకు అది పెనంలా కాలేది. నా ఇళ్ళ లెక్క ఇంకా అదే వీధిలో సాగుతోంది, రోజూ ఆ వాకిలి దాటుకునే పోవాలి. ఒకసారి ఆయన ఆ తలుపు వైపు చూస్తూ అడగడం నా చెవిన పడింది.

“ఈ ఇల్లు మనకిచ్చిండ్రా?”

“ఇచ్చిండ్రు. తాళంచెవి తేనీకి పోయిండ్రు. వస్తరు, పండుకో,” అందామె, విసనకర్రతో విసురుతూ.

నేనక్కడ నిలబడలేకపోయాను.

రెండు రోజుల తర్వాత, మిట్టమధ్యాహ్నం ఆయన పోయాడు. నేను వెళ్ళేసరికి వాకిలి చుట్టూ జనం, కానీ మంచం దగ్గరికి ఒక్కరూ పోలేదు. ముందు అయ్యగారు రావాలని అవ్వ పట్టుబట్టింది. డాబా ఇంటాయన కూడా వచ్చి గోడ పక్కన నిలబడ్డాడు. ఏడ్చే మనిషిని ఏడవనివ్వకుండా ఎన్ని గంటలకు పోయాడు, ఎన్ని గంటలకు పోయాడు అని అందరూ ఆమెనే అడుగుతున్నారు. అయ్యగారు వచ్చి పంచాంగం తిప్పి చూశారు. వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నారు.

“దివ్యమైన నక్షత్రం. ఎవరికీ ఏ దోషమూ లేదు. ఈ మనిషి నడింట్లో పోయినా ఆ ఇంటికి ఏమీ అయ్యేది కాదు.”

అవ్వ రెండు చేతులూ ఎత్తి దండం పెట్టుకుంది. జనం ఊపిరి పీల్చుకున్నారు. ఇంటాయన గోడ దగ్గర్నుంచి ముందుకు వచ్చాడు. ఆయన కళ్ళల్లో నిజంగానే నీళ్ళున్నాయి.

“అయ్యో చెల్లె, ఇసొంటి మంచి నక్షత్రమని ముందుగాల తెలిస్తే గదిలనే ఉండనిస్తుంటి గద!”

టార్పాలిన్ పక్కకు జరిగి, ఎండ శవం ముఖం మీద పడుతోంది. ఆమె లేచి, కొంగు చాపి, దానికి అడ్డంగా నిలబడింది.