లింగన్న గొర్రెల్ని పిలిచాడు

జనాన్ని కెమెరా ముందు బెదరకుండా మాట్లాడించడం నా పని. ఈ రోజు దేవరకొండ దగ్గర గొర్రెలు కాసే లింగన్న కెమెరాను చూడగానే బిగుసుకుపోయాడు.

"ఓసారి గొర్రెల్ని పిలువన్నా" అన్నాను.

పిలిచాడు. మంద ఉరికొచ్చి ఆయన్ను చుట్టేసింది. దాంతో బెరుకు పోయింది. మేపే జాగలన్నీ ప్లాట్లు చేసి కంచెలు వేశారని, ఇక మందను అమ్ముకోవడమే మిగిలిందని గుక్కతిప్పుకోకుండా చెప్పాడు.

సాయంత్రం, డబ్బులిచ్చి ఈ వీడియో చేయించుకుంటున్న పెద్దమనిషికి చూపించాను. "ఆ పిలుపు అదిరింది. అదొక్కటే ఉంచి, మాటలు తీసేసి మ్యూజిక్ వేయండి" అన్నాడు.

ఇందాకే లింగన్న ఫోన్ చేశాడు. "సారూ, మంచిగ మాట్లాడిన్నా? గది జూస్తే మా గోస అందరికి ఎర్కైతది గదా?"

"మంచిగ మాట్లాడినవన్నా" అన్నాను. రెండోదానికి ఏం చెప్పాలో మీరే చెప్పండి. పొద్దున మళ్లీ చేస్తానన్నాడు.