టిక్లీ పెట్టించుకున్న ల్యాప్‌టాప్

ఉద్యోగంలో చేరిన ఆ కొత్తలో నాకు మనుషుల మీద నమ్మకం ఎక్కువ, కంప్యూటర్ల గురించి తెలిసింది తక్కువ. చేవెళ్ల నుంచి బస్సులో వెళ్లి, మొయినాబాద్ దగ్గర ఒక రిసార్టులో బుకింగులు చూసేదాన్ని. ల్యాప్‌టాప్ నా సొంతం. ఆఫీసు ప్రింటర్ కలపాలని మేనేజర్ సార్ అడిగితే ఒక పూట ఇచ్చాను. ఆ తర్వాత నుంచి ఆయనకు నా మనసులో మాటలు తెలియసాగాయి. ఆలూరులో మేనత్త ఇంట్లో బోనాలకని సెలవు చీటీ టైపు చేసుకున్నాను. ఇంకా ఇవ్వకముందే, ఆలూరుకు ఒక్క రోజు సరిపోదా అని అడిగారు.

ముందు పక్క సీటు అక్కను అనుమానించాను. (నాలుగు రోజులు ఆమె పచ్చడి కూడా ముట్టలేదు.) చివరికి చూపు ల్యాప్‌టాప్ మీద పడింది. దాని కెమెరా మీద టిక్లీ అంటిస్తే ఇంట్లో మా అవ్వ వింతగా చూసి, "దానికి బొట్టెందుకు పెట్టినవే?" అన్నది. తెలియని పేరున్న ప్రోగ్రాములన్నీ తీసేశాను. ల్యాప్‌టాప్ గొంతు పోయింది. సౌండ్ ఎలా తెప్పించాలో ఇంటర్నెట్‌లో వెతికాను. మర్నాడు సార్, సౌండ్ వచ్చిందా అని ఎంతో ఆప్యాయంగా పలకరించారు.

ఇక ఎర వేశాను. శంకర్‌పల్లిలో వేరే ఉద్యోగం దొరికిందని రాజీనామా ఉత్తరం టైపు చేసి, ఎవరికీ చూపకుండా దాచాను. తెల్లారి సార్ కూర్చోబెట్టి చాయ్ తెప్పించారు.

"మన దగ్గర నీకేం తక్కువైందమ్మా?"

"ఆ ఉత్తరం నేను ఎవ్వరికి ఇయ్యలే సార్. మీకెట్ల తెలిసింది?"

ఆయన కళ్లద్దాలు తుడుచుకుంటూ, "అందరి ల్యాప్‌టాప్‌లల్ల ఉన్నదమ్మా, నీ ఒక్కదాంట్లనే కాదు" అని నన్ను ఓదార్చారు.

సాయంత్రం చేవెళ్లలో కంప్యూటర్ షాపు అన్న, ల్యాప్‌టాప్ ఆన్ చేయగానే వాటంతటవే నడిచే ప్రోగ్రాముల జాబితా తెరిచాడు. అందులో ఒకటి ప్రింటర్ పేరుతో ఉంది. సార్‌కు ల్యాప్‌టాప్ ఇచ్చిన రోజే ఎక్కింది.

"నువ్వు కొట్టే ప్రతి అక్షరం ఇది రాసుకుంటది చెల్లె" అన్నాడు.

నా ఫైళ్లు పక్కన పెట్టి మొత్తం తుడిచేశాడు. పాస్‌వర్డులన్నీ ఫోన్‌లో మార్చుకున్నాను. మర్నాడు పొద్దున్నే పక్క సీటు అక్కకు సంగతి చెప్పాను. వారం తిరక్కుండా ఆఫీసు వాళ్లంతా ఆ షాపు ముందు వరుస కట్టారు. నా దొంగ ఉత్తరం మళ్లీ చదివితే, కొత్త ఉద్యోగం మాట తప్ప కారణాలన్నీ నిజమే అనిపించింది. ఆ ఒక్క వాక్యం కొట్టేసి సార్‌కు ఇచ్చేశాను.

ఇప్పుడు ఫోన్‌లో ఏ యాప్ ఏమడిగినా చదవకుండానే సరేనని నొక్కేస్తున్నాను. ఆనాటి నాలోని అనుమానపు పిల్ల పక్కనుంటే నా చేతిలోంచి ఫోన్ లాక్కునేది కదా అని నవ్వొస్తుంది. ఆమె మీద కొంచెం బెంగ కూడా.