హార్మోనియం మీద నా ఫోను

మా తెలుగు చర్చిలో గుడ్‌ఫ్రైడే నాడు పాడే పాట ఒకటుంది. అందులో మూడో చరణం ఒక్కరే పాడాలి. పాడలేని రోజు వస్తే ఆ మనిషే లేచి, అందరి ముందూ పాటల పుస్తకం తర్వాతి మనిషి చేతిలో పెట్టి, వెళ్ళి బెంచీలో కూర్చోవాలి. ఎవరూ లాక్కోకూడదు. అమ్మకి చెవులు మందగించినప్పుడు శ్రుతి తప్పుతోందని ఎవరో మొహమాటం లేకుండా చెప్పారు. అమ్మ ఆ ఏడే పుస్తకం నాకిచ్చేసింది.

అమ్మ చెవుడు నాకూ వచ్చింది. చరణం మాత్రం వదల్లేదు, ఎందుకంటే నాకు వదిన ఉంది. వదినంటే చుట్టం కాదు, నిమ్‌పురా రైల్వే క్వార్టర్లలో మా పక్కింటావిడ. ఒకరినొకరం వదినా అనే పిలుచుకుంటాం. కోయిర్‌లో నా పక్కనే నిలబడేది. నా వంతు రాగానే మణికట్టు నొక్కేది, నేను ఎత్తుకునేదాన్ని. పాట అయ్యాక చెవి దగ్గర నోరు పెట్టి, బాగా పాడావని గట్టిగా చెప్పేది. ఆ మాట కోసం ఏడాదంతా ఎదురుచూసేదాన్ని.

వినికిడి మిషన్ ధర విని, మా వల్ల కాదని డాక్టరుకి దణ్ణం పెట్టి వచ్చేశాం. మా అమ్మాయి ఖరిదా బజారులో కుర్రాళ్ళు పెట్టుకునే తెల్ల బడ్స్ కొని, ఫోనులో ఏవో నొక్కి ఇచ్చింది. ఫోను ఎవరి ముందు పెడితే వాళ్ళ మాట నా చెవుల్లో పడుతుంది. గుడ్డికన్నా మెల్ల మేలు అనుకున్నాను గానీ, చాలాకాలం తర్వాత మా కుక్కర్ విజిల్ విని చిన్నపిల్లలా నవ్వాను.

వాటితోనే గుడ్‌ఫ్రైడే ప్రాక్టీసుకి వెళ్ళాను. శ్రుతి బాగా వినబడాలని ఫోను తీసుకెళ్ళి కోయిర్ మాస్టారి హార్మోనియం మీద పెట్టాను. టీ తాగాక గ్లాసులు కడగడం ఎప్పుడూ నా పనే. ఫోను అక్కడే మరిచిపోయి, బయట గోడ పక్కనున్న కుళాయి దగ్గరికి వెళ్ళాను. ఉన్నట్టుండి చెవుల్లో మాస్టారి గొంతు వినబడింది. ఆవిడ చెవుల్లో ఏవో పెట్టుకొచ్చింది కదా, ఈసారి సంగతి తెలిసిపోదా అని ఎవరినో అడుగుతున్నారు.

వదిన నవ్వింది. "అయి పాటలినుకునే బడ్సు మాస్టారూ, పిల్లలెట్టుకుంటారు సూడండి, అయ్యే. టెన్షన్ మత్ లీజియే. మైకు ఎప్పట్లాగే నా కేసి తిప్పీండి. నాను సెయ్యి నొక్కుతాను, అది పాడుకుంటాది. నాను మైకులో పాడేస్తాను. దానికేటి తెలుస్తాది?"

కోయిరంతా నవ్వింది. అదీ వినబడింది. ఇన్నేళ్ళూ చర్చంతా నా చరణాన్ని వదిన గొంతులో విందన్నమాట. నేను పక్కన నిలబడి గాలిలోకి అరుచుకున్నానన్నమాట. ఎదురుగా ఉంటే వదిన, వెనకాల 'అది'. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనట్టయింది నా బతుకు. గ్లాసులు ట్రేలో పెట్టి లోపలికి తీసుకెళితే, వదినే ఎదురొచ్చి అందుకుంది. ఆ ట్రే ఆవిడ నెత్తిన విసరకుండా ఎలా ఆగానో నాకే తెలియదు.

ఆ సాయంత్రం తలుపేసుకుని, ఫోను ఎదురుగా పెట్టుకుని చరణం పాడాను. అబద్ధమెందుకు, శ్రుతి ఒక దారి, నేనొక దారి. గొంతు పోయిన మాట నిజమే. ఆ మాట నాతో అని ఉంటే రెండు రోజులు ఏడ్చి పుస్తకం ఇచ్చేసేదాన్ని. ఎవరికో కాదు, వదినకే ఇచ్చేదాన్ని. అమ్మ నాకిచ్చినట్టు అందరి ముందూ నా చేత్తో ఇచ్చేదాన్ని. ఆ కాస్త గౌరవం కూడా నాకు మిగల్చలేదు దొంగమొహంది.

అయినా మనసు ఒప్పుకోలేదు. మర్నాడు పెరటి గోడ దగ్గర వదినను ఆపి అడిగాను.

"వదినా, నా గొంతు పోయిందేటి? నిజం సెప్పు, నానేటీ అనుకోను."

"నీ గొంతుకేటి, బంగారం," అని నా బుగ్గ గిల్లి, బట్టలు ఆరేసుకోవడానికి వెళ్ళిపోయింది.

గుడ్‌ఫ్రైడే నాడు తెల్లచీర కట్టుకుని, బడ్స్ పెట్టుకుని, పుస్తకం మీద ఫోను ఆనించుకుని నా చోట్లో నిలబడ్డాను. మైకు వదిన వైపే తిరిగి ఉంది. మూడో చరణం వచ్చింది. వదిన మణికట్టు నొక్కింది.

నేను పెదాలు మాత్రం కదిపాను. చిన్న శబ్దం కూడా చెయ్యలేదు. చరణం మొదటి నుంచి చివరిదాకా చక్కగా సాగిపోయింది, ఒక్క తలైనా నా వైపు తిరగలేదు. ఉన్నమాట చెప్పుకోవాలి, వదిన చాలా బాగా పాడింది. అమ్మ పాట అంత బాగా విని ఎన్నేళ్ళయిందో.

కూర్చున్నాక వదిన నా మీదికి వంగి, భుజం చుట్టూ చెయ్యి వేసి, చెవి దగ్గర గట్టిగా చెప్పింది.

"ఇయ్యేల శానా బాగా పాడినావు వదినా."